డబ్బాలో కవర్ వచ్చింది

ఆమె భర్తను చుట్టుపక్కల రైతులందరూ బేరంగారు అనేవారు. కొనేది చిన్న బోల్టయినా సరే, వద్దు పొమ్మని షాపు మెట్లు దిగి, వెనక నుంచి పిలిపించుకుని, మళ్ళీ మెట్లెక్కితేగానీ ఆయనకు కొన్నట్టుండేది కాదు. ఆ బేరాలు ఎక్కువగా సాగేది సొంత బావమరిదితోనే.

ఆమె అన్నయ్యకు మెయిన్ రోడ్డు మీద ట్రాక్టరు విడిభాగాల షాపుంది. సన్నగా పొడుగ్గా ఉండే గది. గోడలకు నల్లటి బెల్టులు వేలాడుతుంటాయి. అరల నిండా ఫిల్టర్ల అట్టపెట్టెలు. కౌంటరు మీద ఎప్పుడు చూసినా ఎవరో విప్పి తెచ్చిన అరిగిపోయిన ముక్క ఒకటి పాత గుడ్డ మీద పడుంటుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అలాంటిదే వెతికి ఇవ్వడం అన్నయ్య పని. దొరక్కపోతే "రేపొచ్చేస్తుంది" అనడం కూడా ఆయన పనే. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలిసేది కాదు.

"బావకి ధర ముందే పెంచి చెప్పాలి చెల్లీ. లేకపోతే తగ్గించడానికి ఏం మిగలదు. తగ్గించకపోతే ఆయనకి ఆ పూట భోజనం సయించదు" అని నవ్వేవాడు.

ఆ ఏడు దుక్కుల ముందు షాఫ్ట్ విరిగింది. ట్రాక్టరు వెనక నుంచి బయల్దేరి రోటావేటర్‌కి తగులుకునే ఇనుప కడ్డీ అది. ఇంజను బలమంతా దాని మీదుగానే మట్టిని కోసే కత్తులకు చేరుతుంది. విరిగిన ముక్కలు పట్టుకుని బేరంగారు షాపుకి వెళ్ళాడు. అన్నయ్య అలవాటు ప్రకారం రేపొచ్చేస్తుంది అన్నాడు. ఆ రేపటికి, ఆ మర్నాటికి కూడా రాలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు బేరంగారు కౌంటరు ముందే నిలబడి ఫోన్ తీసి చూపించాడు.

"ఇదిగో బావా. నీ ధరలో సగం. ఇంటి దగ్గరికే తెచ్చిస్తారట. పైగా బేరమాడే పని కూడా లేదు, వాడే పాత ధర కొట్టేసి తగ్గించి రాశాడు."

అన్నయ్య ముఖం మాడిపోయింది. "కొనుక్కో బావా, కొనుక్కో. రేపు కీలు దగ్గర క్రాసు వదులైతే ఆ ఫోను నీ షెడ్డుకొచ్చి పానా పట్టుకుంటుందా? పొలంలో బండి ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తావ్, ఫోనుకే చేస్తావా?"

అందరూ నవ్వారు. బేరంగారు కూడా నవ్వాడు. నవ్వుతూనే అక్కడే ఆర్డరు పెట్టాడు.

షాఫ్ట్ పొడవాటి అట్టడబ్బాలో వచ్చింది. షెడ్డులో ఆయన డబ్బా కోస్తుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. నల్లటి కడ్డీ, దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు రంగు ప్లాస్టిక్ గొట్టం. గొట్టానికి రెండు వైపులా గొడుగుల్లాంటి మూతలు, చిన్న చిన్న గొలుసులు. లోపల కడ్డీ తిరుగుతున్నా పైన గొట్టం కదలకుండా ఉండడానికి ఆ గొలుసులు. దాంతోపాటు బొమ్మలేసిన కాగితం ఒకటి. ఒక బొమ్మలో మనిషి చొక్కా షాఫ్ట్‌కి చుట్టుకుపోయి ఉంది, దాని మీద ఎర్ర గీత అడ్డంగా కొట్టి ఉంది.

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ పసుపు కవర్ విప్పడం మొదలుపెట్టాడు.

"అదెందుకు తీసేస్తున్నారు?"

"గ్రీజు కొట్టాలంటే ఇది అడ్డం. పాతదానికి మాత్రం ఉందా ఏంటి? మీ అన్నయ్య షాపులో ఎవడడిగినా తీసేసే ఇస్తాడు."

కవర్‌ని ఆయన మూలకు విసిరాడు. అది పాత టైర్ల వెనక పడింది.

కొత్త షాఫ్ట్ బాగానే పనిచేసింది. ఆ మాట చెప్పుకోవాలి. విరగలేదు, వదులవలేదు. మొక్కజొన్న కోసిన పొలంలో ఆయన సగానికి పైగా దున్నాక, పాత డ్రిప్ పైపు ముక్క ఒకటి రోటావేటర్ కత్తులకు చుట్టుకుంది. బండి ఆపకుండా దిగాడు. ఎప్పుడూ అలాగే దిగేవాడు. పైపు చివర అందుకోవడానికి షాఫ్ట్ మీదుగా వంగాడు. ఎండకని వేసుకున్న పొడుగు చేతుల చొక్కా అది.

ఆమె టీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద నడిచొస్తోంది. ఆయన వంగడం చూసింది. తర్వాత ఆయన ఇంకా ఎక్కువ వంగడం చూసింది. పరిగెత్తి, బండెక్కి, స్టాప్ అని ఆయన ఎప్పుడో చూపించిన పిడిని పట్టుకుని లాగింది. ఇంజను ఆగిపోయింది. పొలం మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆయన అరవలేదు. ఆమె కూడా అరవలేదు. ఆయన మెడలోని తువ్వాలు తీసి బిగించి కట్టింది. పక్క పొలం వాళ్ళకి ఫోన్ చేసి, తమ పొలానికి ఏ దారిన రావాలో చాలా వివరంగా, రెండుసార్లు చెప్పింది. తర్వాత ఆ పొలం వాళ్ళు అనుకునేవారట, అంత నెమ్మదిగా చెప్తుంటే ఏ దారపు ఉండో తెమ్మంటోందనుకున్నామని.

ఆసుపత్రిలో కుడిచెయ్యి మోచేతి కింద నుంచి తీసేశారు.

ఇంటికొచ్చాక ఆయన కిటికీ పక్కన మంచం మీద కూర్చునేవాడు. పడుకోమంటే పడుకునేవాడు, లేవమంటే లేచేవాడు. భోజనం పెడితే తినేవాడు. ఇంకా కావాలా అంటే తలూపేవాడు, చాలా అన్నా తలూపేవాడు. బాధగా ఉందా అని కట్టు మార్చడానికి వచ్చిన నర్సు అడిగితే, ఉన్న చెయ్యి వైపు ఒకసారి, లేని చెయ్యి వైపు ఒకసారి చూసి, "ఏం తెలీడం లేదమ్మా" అన్నాడు.

ఆమెకూ ఏం తెలీడం లేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని ఆయన చొక్కాలన్నిటికీ కుడి చెయ్యి మడిచి కుట్టేసింది. సూదిలో దారం ఎక్కించడం, మడవడం, కుట్టడం, ముడెయ్యడం. ఏడుపొస్తుందేమోనని చూసింది, రాలేదు. మర్నాడు ఆయన చొక్కా తొడుక్కోబోతే ఎడమ చెయ్యి బయటికి రాలేదు. ఒక చొక్కాకి పొరపాటున ఎడమవైపు కుట్టేసింది. ఆయన ఆ మూసుకుపోయిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇద్దరూ దాన్ని చూశారు. వేరే రోజుల్లో అయితే ఆయన ఆ సంగతి ఊరంతా చెప్పి నవ్వించేవాడు. ఆమె కత్తెర తెచ్చి కుట్టు విప్పింది.

చూడటానికి వచ్చేవాళ్ళకి పెద్ద చిక్కొచ్చి పడింది. నోరు తెరిస్తే చాలు, మాటలో ఎక్కడో ఒక చెయ్యి దూరేది. "మాకు చేతనైనది..." అని మొదలెట్టి ఒకాయన నీళ్ళు నమిలాడు. "ఇలాంటప్పుడే మనం చేతులెత్తెయ్యకూడదు" అని ఇంకొకాయన అనేసి, చటుక్కున లేచి చెప్పులు వెతుక్కున్నాడు. మాటల్లో ఇన్ని చేతులుంటాయని ఆమె ఎప్పుడూ గమనించలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ వినపడేది.

అన్నయ్య మాత్రం వచ్చిన ప్రతిసారీ ఏడ్చేవాడు. భారీ మనిషి, మంచం పట్టె మీద కూర్చుంటే మంచం మూలిగేది.

"చెప్పాను కదా బావా, వద్దని చెప్పాను కదా! నా దగ్గర కొనుంటే ఇలా అయ్యేదా? ఆ ఆన్‌లైన్ సరుకే నీ కొంప ముంచింది. కవర్ కూడా లేకుండా పంపి ఉంటారు దొంగవెధవలు. కవర్ లేదు కదా బావా దానికి? లేదు కదా?"

బేరంగారు తలూపాడు.

ఆమె టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉంది. ఆయన తలూపడం చూసింది. ఆయన ముఖంలో అబద్ధమాడుతున్న మనిషి ఆనవాలేమీ లేదు. ఆ తలకు ఊగడం తప్ప వేరే పని లేనట్టుంది. ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట షాపుకి చేరింది. షాపు నుంచి రోడ్డుకి చేరింది. అరిగిన ముక్క పట్టుకుని వచ్చిన ప్రతి రైతుకూ అన్నయ్య మొదట బావ సంగతి చెప్పి, తర్వాతే అరల వైపు తిరిగేవాడట. షట్టరు పక్కన బోర్డు కూడా పెట్టించాడు. పెద్ద ఎర్ర అక్షరాలతో "చౌక సరుకు ప్రాణం తీస్తుంది" అని. ఫోనుల్లో కొనడం మొదలుపెట్టినవాళ్ళు కొందరు మళ్ళీ షాపుకి రావడం మొదలైంది. ఇవన్నీ వదిన చెప్పింది, ఫోన్‌లో, సంతోషం దాచుకుంటూ.

"మీ అన్నయ్యకి ఊపిరి పీల్చుకునే తీరిక లేదు వదినా ఈమధ్య. ఏదో, అందరికీ కళ్ళు తెరుచుకున్నాయి."

"మంచిదే వదినా" అంది ఆమె.

సగం దున్నిన పొలం అలాగే ఉండిపోయింది. డ్రైవర్లెవరూ దొరకలేదు. అందరికీ అదే అదను. ఆమెకు బండి నడపడం కొద్దిగా వచ్చు. ట్రాలీ తగిలించి కాటా దాకా తీసుకెళ్ళిన రోజులున్నాయి. నేనే దున్నుతానని భర్తతో చెప్పింది. తలూపాడు.

ఆ సంగతి విని అన్నయ్య తన షాపు నుంచి కొత్త షాఫ్ట్ మోసుకొచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని విప్పి, చూడటానికి కూడా ఇష్టం లేనట్టు గోనెగుడ్డలో చుట్టి పక్కన పడేశాడు. కొత్తదాన్ని తనే బిగించి, తనే గ్రీజు కొట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇది అసలైన సరుకు చెల్లీ. దీనికి నాది పూచీ. ధైర్యంగా నడుపు."

"దీనికి కవర్ లేదా అన్నయ్యా?"

"కవరెందుకే పిచ్చిదానా! గ్రీజు కొట్టడానికి అడ్డం తప్ప దాని వల్ల ఏముంది? మంచి సరుక్కి కవర్ అక్కర్లేదు."

ఆ మాట అన్నాక తనేమన్నాడో ఆయనకు వినపడలేదు. ఆమెకు వినపడింది. ఆయన స్కూటర్ ఎక్కి, జాగ్రత్తలన్నీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె బండి స్టార్ట్ చేసి షాఫ్ట్ తిరిగే పిడి వేసి కిందికి దిగి, దూరంగా నిలబడి చూసింది. గ్రీజు పూసిన కడ్డీ గిర్రున తిరుగుతోంది. అంత వేగంగా తిరుగుతుంటే అది తిరుగుతున్నట్టే ఉండదు. కదలకుండా నిలబడ్డ నల్లటి గీతలా ఉంటుంది. భయమేస్తుందేమోనని ఎదురుచూసింది. భయం కూడా రాలేదు. ఎక్కువసేపు చూస్తూ ఉండిపోతున్నానని మాత్రం అర్థమై, వెళ్ళి ఆపేసింది.

తర్వాత టైర్ల వెనక వంగి ఆ పసుపు కవర్ బయటికి లాగింది. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తుడిచి, కొత్త షాఫ్ట్‌కి పెట్టి చూసింది. పట్టలేదు. అన్నయ్య తెచ్చిన కడ్డీ లావుగా ఉంది. తలుపు దగ్గర అలికిడైతే తిరిగి చూసింది. భర్త వచ్చి నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో కవర్‌ని చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె షాపుకి వెళ్ళింది.

లోపల నలుగురైదుగురు రైతులున్నారు. అన్నయ్య కౌంటరు వెనక నిలబడి చెప్తున్నాడు. ఆమె రావడం చూసి గొంతు తగ్గించాడుగానీ ఆపలేదు.

"...చొక్కా అంచు తగిలిందంతే! అదే మంచి సరుకైతే, కవర్ ఉంటే, చెయ్యి ఉండేది. అదిగో మా చెల్లెలే వచ్చింది. అడగండి కావాలంటే. రా అమ్మా, కూర్చో."

ఎవరో స్టూలు జరిపారు. ఆమె కూర్చోలేదు.

"కవర్ కావాలన్నయ్యా. నువ్వు ఇచ్చిన షాఫ్ట్‌కి."

"నిన్న చెప్పాను కదా, అక్కర్లేదని..." అని అన్నయ్య ఆగాడు. ఇప్పుడే చెప్పిన కథ, ఇప్పుడు అంటున్న మాట ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. రైతులు ఆయన వైపు చూశారు.

"ఆ డబ్బాలో కవర్ వచ్చింది అన్నయ్యా" అంది ఆమె. ఆమెకు కోపంగా లేదు. పొలానికి దారి చెప్పినప్పటి గొంతే అది. "ఫోన్‌లో కొన్నదానికి కవర్ ఉంది. గొలుసులతో సహా. ఈయనే తీసేశారు. నేను చూస్తుండగానే. గ్రీజుకి అడ్డమని."

రోడ్డు మీద లారీ ఒకటి వెళ్తే గోడకున్న బెల్టులు కొద్దిగా ఊగాయి.

"మరి బావ నాతో..." అన్నాడు అన్నయ్య.

"తలూపారు. నువ్వడిగావ్, ఆయన తలూపారు. ఆ రోజుల్లో ఆయన అన్నిటికీ తలూపేవారు."

టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "నాదానికీ లేదులే" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. "మొన్న ఇక్కడే కదూ తీయించాను." అని ఊరుకోకుండా, "వెనక గదిలో గుట్టగా పడుండేవి కదా అవి?" అన్నాడు.

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. "పాత సామాన్ల వాడికి వేసేశాను. అడిగినవాడు లేడు. పాతికేళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కవర్ కావాలని అడగలేదు. తీసెయ్యమన్నారు, తీసేశాను. నేను చేసిన తప్పేంటి?"

"తప్పని నేననలేదు. ఇప్పుడు దొరుకుతుందా?"

"తెప్పించాలి. రేపొ..." అన్నయ్య ఆ మాట పూర్తి చెయ్యలేదు.

ఆమె స్టూలు మీద కూర్చుని ఫోన్ తీసింది. ఆ చిన్న తెరమీద పసుపు గొట్టాలు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పొడుగువి, పొట్టివి, లావువి, సన్నవి. ఆమెకు ఏది కావాలో తెలీలేదు. అడగడానికి ఫోన్‌లో మనిషెవరూ లేరు. తలెత్తి చూసింది. అన్నయ్య కౌంటరు మీద రెండు చేతులూ ఆన్చుకుని నేల వైపు చూస్తున్నాడు. ఆయన షాపులో కూర్చుని, అందరి ముందు, ఫోన్‌లో కొనుక్కోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. తెలిసినా ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడమే ఆమెను కూర్చోబెట్టింది.

"కొలత ఎంత అన్నయ్యా?"

అన్నయ్య పాత గుడ్డతో చేతులు తుడుచుకుని, కౌంటరు చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె వెనక నిలబడి, కళ్ళజోడు పైకి తోసి, ఫోన్‌లోకి వంగాడు.

"అది కాదు. కిందికి పో. ఇంకా కిందికి. అది పొట్టిది, చాలదు. ఆ మూడోది... కాదు, దానికి మూతలు సరిగ్గా లేవు చూడు. ఇది. ఇది పడుతుంది." అన్నాక కాసేపు అక్కడే నిలబడి, "వీడెవడోగానీ బాగానే పెట్టాడు సరుకు" అని గొణుక్కుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. "కవర్ సంగతి షాపులో చెప్పేశాను. అందరి ముందూ."

"చెప్పావా?"

"చెప్పాను."

"సరే" అన్నాడు. కిటికీ వైపు తిరిగాడు. తలూపడం కాకుండా నోటితో సరే అనడం ఆసుపత్రి తర్వాత అదే మొదటిసారని ఆమెకు రాత్రి వంటింటి దీపం ఆర్పుతున్నప్పుడుగానీ తట్టలేదు.

వదిన ఫోన్ చేసింది. ఈసారి దాచుకున్నది సంతోషం కాదు. "తోడబుట్టినదానివి, మీ అన్నయ్య పరువు నలుగురిలో తియ్యడానికి నీకు నోరెలా వచ్చింది? ఇంట్లో చెప్తే వినడా? బోర్డు తీసేశారు తెలుసా? రెండు రోజుల్నుంచి ఆయన షాపులో నోరు విప్పడం లేదట. నోరు విప్పకపోతే ఆ వ్యాపారం ఎలా సాగుతుంది? ఆయన వ్యాపారమే నోరు!"

ఆమె అంతా విన్నది. చివర్లో, "అన్నయ్యని రమ్మను వదినా" అంది. వదిన ఫోన్ పెట్టేసింది.

కవర్ వచ్చింది. ఆమె షెడ్డులో నేల మీద కూర్చుని, బొమ్మల కాగితం పరుచుకుని బిగించడం మొదలుపెట్టింది. భర్త ఒక డబ్బా బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నాడు. చూస్తున్నాడో లేదో తెలీదు. ఆమె ఒక మూత తిరగేసి పెట్టి చాలాసేపు కుస్తీ పట్టింది. ఆయన ఏమీ అనలేదు.

అప్పుడే అన్నయ్య స్కూటర్ ఆగింది. లోపలికొచ్చి, చెల్లెల్ని చూడకుండా నేరుగా బావ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"బావా. డబ్బాలో కవర్ ఉందా?"

"ఉంది."

"మరి నేనడిగితే తలెందుకూపావ్?"

బేరంగారు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "నువ్వేమడిగావో నాకు గుర్తులేదు బావా. అప్పుడు ఎవరేమడిగినా ఊపేవాణ్ణి. ఊపితే వెళ్ళిపోయేవాళ్ళు."

"నేను ఊరంతా చెప్పాను. వచ్చినవాడికల్లా చెప్పాను. బోర్డు పెట్టాను!"

"తెలుసు. చెప్పారు."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను." ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. "వాడెవడో కవర్ పంపలేదు, అందుకే పోయింది అంటే వినడానికి బాగుంది. నేనే తీశాను, నేనే వంగాను, బండి ఆపలేదు అని చెప్పాలంటే... మళ్ళీ అక్కడికి వెళ్ళాలి."

అన్నయ్య టైరు మీద కూర్చున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. "దానికి ముందుది కూడా నేనే ఇచ్చాను. కవర్ తీసేసి. ఇన్నేళ్ళూ నువ్వు దాని మీద వంగుతూనే ఉన్నావ్."

"నేనే తియ్యమన్నాను."

"తీసింది నేను కదా."

అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. ఆమె ఒళ్ళో ఉన్న మూతను చూశాడు.

"తిరగేసి పెట్టావ్" అన్నాడు. ఆమె చేతిలోంచి తీసుకుని సరిచేసి, బిగించి, గొలుసులు తగిలించి, గ్రీజు ఎక్కడి నుంచి కొట్టాలో చూపించాడు. కవర్‌లో దానికోసం చిన్న కన్నం ఉంది. వేలితో జరిపితే తెరుచుకుంటుంది. అన్నయ్య ఆ కన్నాన్ని మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. "ఇది ఉందని నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. టీ తాగమంటే ఆగలేదు. వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అన్నయ్య కొన్ని కవర్లు తెప్పించి షాపు ముందు వేలాడదీశాడు. టోపీ పెద్దాయన ఒకటి తీసుకున్నాడు. ఇంకొకాయన ధర అడిగి, ఫోన్‌లో చూసి, అక్కడే ఆర్డరు పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు చూసి, బాగుంది అని, ఫిల్టర్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. వదిన చాలాకాలం మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక కూడా ఆ సంగతి ఎత్తలేదు.

అన్నయ్య కవర్ బిగించి వెళ్ళిన మర్నాడే ఆమె పొలంలోకి బండి దింపింది. సీటు ఎత్తు సరిపోక కింద దిండు పెట్టుకుంది. దున్నినంత మేర మట్టి ముదురు రంగులో, దున్ననిది వెలిసిపోయి, మధ్యలో సరిహద్దు గీసినట్టు ఉంది. ఆయన ఆగిన చోటు అదే. ఆ గీత దగ్గర బండి నిలిపి, రోటావేటర్ దించి, ముందుకు పోనిచ్చింది. ఆ చోటు దాటింది. దాటాక తెలిసింది దాటినట్టు. ఇంజను మోత, సీటు అదురు, ముందున్న మట్టి, అంతే. ఒక చాలు, పక్కన ఇంకో చాలు. మలుపు దగ్గర రోటావేటర్ ఎత్తడం, తిప్పడం, దించడం. పనిలో పడ్డాక ఆలోచన లేకపోవడం వింతగా అనిపించలేదు.

ఎప్పుడొచ్చాడో భర్త గట్టు మీద నిలబడి ఉన్నాడు. మొదట ఊరికే నిలబడ్డాడు. తర్వాత ఒకటి రెండు అడుగులు అటూ ఇటూ వేశాడు. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తి ఊపడం మొదలుపెట్టాడు. నోరు కదులుతోంది. ఆమెకు మోతలో ఏమీ వినపడలేదు. ఏమైందోనని ఒళ్ళు జల్లుమని, బండి ఆపేసింది.

"ఏమైంది?"

"మూల వదిలేస్తున్నావ్!" ఇంజను ఆగినా ఆయన అదే గొంతుతో అరుస్తున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. "మలుపు ముందే ఎత్తేస్తే ఆ ముక్కంతా ఎవరు దున్నుతారు? ఇందాకటి నుంచీ చూస్తున్నా, ప్రతిసారీ అంతే! చివరి దాకా పోయి, అప్పుడెత్తు!"

"అలా అరిస్తే వినపడుతుందా బండి మీద?"

"వినపడదనే అరుస్తున్నా!"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. నిజమే. పొలం చివర పొడవునా ప్రతి చాలు దగ్గరా పలక ముక్కంత నేల మిగిలిపోయి ఉంది.

"అంత తెలిస్తే ముందే చెప్పొచ్చుగా" అంది.

"నువ్వడిగావా?"

ఆమె బండి స్టార్ట్ చేసి, రోటావేటర్ ఎత్తి, ఆ వదిలేసిన మూల వైపు తిప్పింది. ఆయన గట్టు మీద నుంచి ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు.